డీకోడర్‌లో స్క్రాంబ్లర్ సపోర్ట్: కీ చేతిలో ఉన్నా గొంతు ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ ఫ్యాక్టరీలో లైసెన్స్ మీద వాడుతున్న ఎన్‌ఎక్స్‌డీఎన్ (ఒక డిజిటల్ రేడియో పద్ధతి) వాకీటాకీలు ఉన్నాయి. వాటి మాటలను సేఫ్టీ రికార్డు కోసం ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు తగిలించే చవక రేడియో రిసీవర్) అందుకుని, పాత డీఎస్‌డీ (డిజిటల్ రేడియో మాటలను విప్పే ప్రోగ్రామ్) సోర్స్ నుంచి మీరే మార్చుకున్న డీకోడర్‌తో దాస్తున్నారు. మామూలు కాల్స్ శుభ్రంగా వస్తున్నాయి. స్క్రాంబ్లర్ (కీ అనే రహస్య సంఖ్యతో మాటను గిలకొట్టే ఏర్పాటు) ఆన్ చేసిన గ్రూపు మాత్రం ఎవరో నీళ్లు పుక్కిలిస్తున్నట్టు వినిపిస్తోంది. కీ మీ దగ్గరే ఉంది కాబట్టి సి భాషలో మీరే ఒక ఎక్సార్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 ఇచ్చే లెక్క) ఫంక్షన్ రాసి చేర్చారు. ఇప్పుడు కొన్ని కాల్స్‌లో మొదటి అక్షరాలు ఒకటి రెండు స్పష్టంగా వచ్చి ఆ తర్వాత అంతా గోల. కొన్నింటిలో ఆ మాత్రం కూడా రావడం లేదు. అల్గారిథమ్ తప్పా, ఇంకేమైనా తప్పా అన్నది మొదటి ప్రశ్న. కీ తెలియకపోయినా కనిపెట్టే ఆప్షన్ పెట్టొచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి సూటిగా జవాబు: మీ అల్గారిథమ్ సరిగ్గానే ఉంది, తప్పు స్థానం లెక్కలో ఉంది. మొదటి అక్షరాలు స్పష్టంగా వచ్చాయంటే కీ సరైనదే, షిఫ్ట్ రిజిస్టర్ (కీ నుంచి బిట్ల వరుస పుట్టించే భాగం) సరైనదే, ఎక్సార్ చేస్తున్న చోటు కూడా సరైనదే. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ ఒక్క అక్షరం కూడా వచ్చేది కాదు. మీరు చేయనిదల్లా సూపర్‌ఫ్రేమ్ (నాలుగు రేడియో ఫ్రేముల కట్ట) మారినప్పుడల్లా రిజిస్టర్‌ను మళ్లీ కీ దగ్గరకు తీసుకురావడం. కాల్ మధ్యలో అందుకున్నప్పుడు ఎక్కడున్నామో తెలుసుకోకుండా విప్పడం మొదలుపెట్టడం రెండో కారణం. రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

రెండో ప్రశ్నకు జవాబు వద్దు అనే. దాని కారణాలు కింద చెప్తాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. డీఎస్‌డీ నుంచి పుట్టిన డీఎస్‌డీ-ఎఫ్‌ఎంఈ అనే కొత్త వెర్షన్‌లో ఎన్‌ఎక్స్‌డీఎన్, డీపీఎంఆర్ (ఇంకో డిజిటల్ రేడియో పద్ధతి) స్క్రాంబ్లర్ కీ ఇచ్చే ఆప్షన్ ఇప్పటికే ఉంది. మీకు కావలసింది పని జరగడమే అయితే అది వాడుకుంటే సరిపోతుంది. సొంత కోడ్‌లోనే చేర్చాలని పట్టుదల ఉంటే (ఉండాలనే నా కోరిక, ఎందుకంటే ఇది నేర్చుకోవడానికి చాలా మంచి పని) కింది వివరం మీకోసం.

ముందు ఫ్రేమ్‌లో ఏముందో చూడాలి

మీరు వాడుతున్నది 6.25 కిలోహెర్ట్జ్ ఛానెల్ అని రాశారు. అంటే సెకనుకు 4800 బిట్లు, నాలుగు మెట్ల ఎఫ్‌ఎస్‌కే (ఫ్రీక్వెన్సీని నాలుగు స్థాయిల్లో మార్చి ఒక్కో సింబల్‌లో రెండు బిట్లు పంపడం), సెకనుకు 2400 సింబల్స్. ఒక ఫ్రేమ్ 384 బిట్లు, 80 మిల్లీసెకన్లు. అందులో సింక్ 20 బిట్లు, ఫ్రేమ్ రకం చెప్పే లిచ్ 16, నెమ్మదిగా సమాచారం మోసే సాక్ 60, మిగిలిన 288లో నాలుగు వాయిస్ ఫ్రేములు, ఒక్కొక్కటి 72 బిట్లు. ఒక్కో వాయిస్ ఫ్రేము 20 మిల్లీసెకన్ల మాట.

ఆ 72 బిట్లలో అసలు మాట 49 బిట్లే. మిగతా 23 తప్పులు దిద్దుకోవడానికి చేర్చినవి. మొదటి ముక్క 24 బిట్లు, రెండోది 23 బిట్లు, ఈ రెండింటికీ గోలే కోడ్ రక్షణ ఉంటుంది. ఒక్కో ముక్క నుంచి 12 బిట్ల చొప్పున అసలు సమాచారం వస్తుంది. మూడో ముక్క 11, నాలుగోది 14. వీటికి ఏ రక్షణా ఉండదు. 12, 12, 11, 14 కలిపితే 49.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే స్క్రాంబ్లర్ పనిచేసేది ఈ 49 మీదే. పంపే రేడియో ముందు మాటను 49 బిట్లుగా కుదిస్తుంది, వాటిని కీతో కలగలుపుతుంది, ఆ తర్వాతే గోలే రక్షణ చేర్చుతుంది. కాబట్టి అందుకునే వైపు వరుస తిరగబడాలి. ముందు తప్పులు దిద్దాలి, తర్వాత ఎక్సార్, ఆ తర్వాత వోకోడర్ (బిట్లను మళ్లీ గొంతుగా మార్చే భాగం). ఎమ్‌బీఈలిబ్ అనే వోకోడర్ లైబ్రరీ వాడేవాళ్లకు చెప్పాలంటే, తప్పులు దిద్దే ఫంక్షన్లు అయిపోయి 49 బిట్ల అర్రే చేతికొచ్చాక, స్పీచ్ తయారుచేసే ఫంక్షన్‌ను పిలవకముందు.

ఒకే గొట్టంలో మూడు రకాల గిలకొట్టుడు

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఎన్‌ఎక్స్‌డీఎన్ సిగ్నల్‌లో మూడు చోట్ల బిట్లను గిలకొడతారు. డాక్యుమెంట్లలోనూ సోర్స్ కోడ్‌లోనూ కనీసం రెండింటిని స్క్రాంబుల్ అనే పిలుస్తారు.

మొదటిది ఫ్రేమ్ మొత్తానికి, సింక్ తప్ప. తొమ్మిది బిట్ల షిఫ్ట్ రిజిస్టర్ నుంచి వచ్చే వరుసతో సింబల్స్ గుర్తు మారుస్తారు. ఒకే సింబల్ వరుసగా చాలాసేపు వస్తే రిసీవర్ టైమింగ్ పట్టుకోలేదు, అందుకే ఇది. దీనికి కీ లేదు, రహస్యం లేదు, మామూలు కాల్స్‌లోనూ ఉంటుంది. మీ డీకోడర్ దీన్ని ఇప్పటికే విప్పుతోంది, లేకపోతే ఏ కాలూ వినబడేది కాదు.

రెండోది వోకోడర్ లోపలిది. పైన చెప్పిన రెండో ముక్కను, అంటే 23 బిట్ల ముక్కను, మొదటి ముక్కలోని 12 బిట్ల నుంచి పుట్టిన ఒక వరుసతో కలిపి పంపుతారు. మొదటి ముక్కలో దిద్దలేనంత తప్పులుంటే రెండోది కూడా చెడిపోయినట్టు తెలిసిపోవాలని ఈ ఏర్పాటు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఆ వరుస పుట్టేది గాలిలో వచ్చిన 12 బిట్ల నుంచి, అంటే ఇంకా స్క్రాంబుల్ అయి ఉన్న వాటి నుంచి. మొదటి ముక్క దొరగ్గానే ఉత్సాహంగా దాన్ని కీతో విప్పేసి, విప్పిన బిట్లతో రెండో ముక్కను తీయబోతే మొత్తం పాడవుతుంది. ఒకరు నాకు చూడమని పంపిన ప్యాచ్‌లో (కోడ్ మార్పులో) సరిగ్గా ఇదే జరిగింది. ఎక్సార్ రెండు లైన్లు కిందకు జరపగానే గొంతు వచ్చింది.

మూడోదే మీకు కావలసిన ప్రైవసీ స్క్రాంబ్లర్. 15 బిట్ల షిఫ్ట్ రిజిస్టర్, మొదట అందులో పెట్టే విలువే కీ. ప్రతి అడుగులో చివరి బిట్ బయటకు వస్తుంది, చివరి రెండు బిట్ల ఎక్సార్ పైనుంచి లోపలికి వెళ్తుంది. బయటకొచ్చిన బిట్‌ను మాట బిట్‌తో ఎక్సార్ చేస్తారు. అంతే. కోడ్‌గా పది పన్నెండు లైన్లు దాటదు.

రాసిన రిజిస్టర్ సరైనదో కాదో రేడియో లేకుండానే తేల్చుకోవచ్చు. కీగా 1 పెట్టి నడిపించండి. 32767 అడుగుల తర్వాతే, అంతకు ముందు ఒక్కసారి కూడా కాకుండా, మళ్లీ 1కి రావాలి. ఆ మధ్యలో బయటకొచ్చిన బిట్లలో ఒకట్లు 16384 ఉండాలి, సున్నాలు 16383. ఈ రెండూ సరిపోతే వరుస పొడవు పూర్తిగా వస్తోందన్నమాట. కీ సున్నా అయితే రిజిస్టర్ కదలదు, ఎప్పుడూ సున్నాలే ఇస్తుంది. కాబట్టి యూజర్ సున్నా ఇస్తే ఒప్పుకోకుండా ఎర్రర్ చూపండి. కీ విలువను పదుల లెక్కలో తీసుకోండి. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో 1 నుంచి 32767 వరకు అలాగే కనిపిస్తుంది. హెక్సాలో చదివే ప్రోగ్రామ్‌కు పదుల అంకె ఇస్తే ఏ హెచ్చరికా లేకుండా వేరే కీ తయారవుతుంది. ఒక స్నేహితుడు దీని మీద వారాంతమంతా పోగొట్టుకున్నాడు.

అసలు కష్టం: ఇప్పుడు ఎక్కడున్నాం?

ఇక మీ సమస్యకు వస్తాను. వాయిస్ కాల్‌లో నాలుగు ఫ్రేములు కలిపి ఒక సూపర్‌ఫ్రేమ్, 320 మిల్లీసెకన్లు. ప్రతి సూపర్‌ఫ్రేమ్ మొదట్లో రిజిస్టర్ తిరిగి కీ విలువతో మొదలవుతుంది. మీ కోడ్‌లో కాల్ మొదలైనప్పుడు ఒక్కసారే కీ పెట్టి, ఆ తర్వాత రిజిస్టర్‌ను అలాగే నడవనిస్తున్నారు. అందుకే మొదటి 320 మిల్లీసెకన్లు, అంటే "హలో"లో చాలావరకు, వినిపించి ఆ తర్వాత గోల. లక్షణమే రోగాన్ని చెప్తోంది.

భజనలో పాట నోటికొచ్చినంత మాత్రాన చాలదు, తాళం ఎక్కడ పడుతోందో పట్టుకుని అందుకోవాలి. స్క్రాంబ్లర్ కూడా అంతే. కీ వచ్చినవాడు పాట వచ్చినవాడు మాత్రమే.

ఆ తాళం సాక్‌లో ఉంటుంది. ప్రతి సాక్ మొదటి రెండు బిట్లు ఈ ఫ్రేమ్ సూపర్‌ఫ్రేమ్‌లో ఎన్నోదో చెప్తాయి. లెక్క వెనక్కి నడుస్తుంది: 3 అంటే మొదటి ఫ్రేమ్, 2 రెండోది, 1 మూడోది, 0 ఆఖరిది. దీన్ని మామూలు క్రమంలోకి మార్చుకుని 0, 1, 2, 3 అనే భాగం సంఖ్యగా దాచుకోండి.

ఇక్కడ నా గట్టి సలహా: నడుస్తున్న రిజిస్టర్‌ను దాచుకోకండి, స్థానం నుంచి లెక్కించండి. సూపర్‌ఫ్రేమ్‌లో 16 వాయిస్ ఫ్రేములు, ఒక్కొక్కటి 49 బిట్లు, మొత్తం 784. కీ తెలియగానే ఈ 784 బిట్లూ ఒకేసారి పుట్టించి పట్టికలో పెట్టేయండి. 98 బైట్లే కదా. ఆ తర్వాత ఏ వాయిస్ ఫ్రేమ్ వచ్చినా, భాగం సంఖ్యను 196తో గుణించి, ఆ ఫ్రేమ్‌లో అది ఎన్నో వాయిస్ ముక్కో (0 నుంచి 3) దాన్ని 49తో గుణించి కలపండి. పట్టికలో అక్కడి నుంచి 49 బిట్లు తీసుకుని ఎక్సార్ చేయండి. ఇక మధ్యలో ఒక ఫ్రేమ్ పోయినా, రెండు పోయినా, సిగ్నల్ మసకబారి మళ్లీ వచ్చినా, తర్వాతి ఫ్రేమ్ దానంతటదే సరిగ్గా విప్పుకుంటుంది. నడుస్తున్న రిజిస్టర్ అయితే ఒక్క ఫ్రేమ్ పోగానే సూపర్‌ఫ్రేమ్ ముగిసేదాకా అంతా చెడుతుంది. షెడ్‌లో ఇనుప దూలాల మధ్య తిరిగే మనుషుల రేడియోలు మీవి. ఫ్రేములు పోవడం మీకు రోజువారీ విషయం. కాబట్టి ఈ పద్ధతి మీకు మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం.

సాక్‌కు సొంత సీఆర్‌సీ (బిట్లు చెడకుండా వచ్చాయో లేదో తేల్చే సంఖ్య) ఉంది. అది తప్పినప్పుడు ఆ రెండు బిట్లను నమ్మకండి. గత ఫ్రేమ్ భాగానికి ఒకటి కలిపి ముందుకు వెళ్లండి. సింక్ పూర్తిగా పోయి మళ్లీ దొరికితే మాత్రం సీఆర్‌సీ సరిపోయిన సాక్ ఒకటి వచ్చేదాకా గొంతును మూసే ఉంచండి. ఊహతో విప్పడం కంటే అర సెకను నిశ్శబ్దం మేలు.

మీ రెండో లక్షణం, అంటే కొన్ని కాల్స్‌లో ఒక్క అక్షరం కూడా రాకపోవడం, కాల్ మధ్యలో అందుకున్నప్పటిది. అప్పుడు రెండు విషయాలు తెలియాలి. మనం ఏ భాగంలో ఉన్నామో ఒక్క సాక్‌తో తెలుస్తుంది. కానీ ఈ కాల్‌కు స్క్రాంబ్లర్ ఉందా, ఏ కీ నంబరు అన్నది వాయిస్ కాల్ మెసేజ్‌లో ఉంటుంది. ఆ మెసేజ్ నాలుగు సాక్‌లలో ముక్కలుగా వస్తుంది, ఒక్కో సాక్ 18 బిట్లు మోస్తుంది. కాబట్టి పూర్తి సూపర్‌ఫ్రేమ్ ఒకటి చక్కగా అందేదాకా ఆగక తప్పదు. ఆ మెసేజ్‌లో రెండు బిట్లు రకం చెప్తాయి: 0 అయితే మామూలు, 1 స్క్రాంబ్లర్, 2 డీఈఎస్, 3 ఏఈఎస్ (ఈ రెండూ అసలైన ఎన్‌క్రిప్షన్ పద్ధతులు). ఇంకో ఆరు బిట్లు కీ నంబరు. కీ నంబరు అంటే కీ కాదు, రేడియోలో దాచిన కీల పట్టికలో వరుస సంఖ్య. మీ ప్రోగ్రామ్‌లో కూడా ఆ నంబరుకు ఏ కీ అన్న పట్టిక పెట్టుకుంటే రెండు గ్రూపులకు రెండు కీలు ఉన్నా ఇబ్బంది లేదు.

రకం తెలిసేవరకు వచ్చిన వాయిస్‌ను వెంటనే వినిపించాల్సిన అవసరం మీకు లేదు కదా, రికార్డింగే కావాలి. అయితే ఆ 16 ఫ్రేములను దాచి ఉంచి, రకం తెలిశాక విప్పి ఫైల్‌లో రాయండి. మొదటి మాట కూడా దక్కుతుంది. లైవ్‌గా వినేవాళ్లకు దొరకని సౌకర్యం ఇది.

ఒక చిక్కు మిగిలింది. కొన్నిసార్లు రేడియో వాయిస్‌లో సగాన్ని, అంటే నాలుగులో రెండు ముక్కలను, తీసేసి ఆ చోట వేగంగా చేరాల్సిన సమాచారం పంపుతుంది. కాల్ మొదట్లోనూ చివర్లోనూ ఇది కనిపిస్తుంది. ఏ సగం పోయిందో లిచ్ చెప్తుంది. ఆ సగానికి కూడా రిజిస్టర్ నడుస్తుందా ఆగుతుందా అన్నది ఊహించి రాయకండి. మీ చేతిలో రేడియోలు ఉన్నాయి, కీ ఉంది. అలాంటి ఫ్రేమ్ ఉన్న రికార్డింగ్‌ను రెండు విధాలా విప్పి చూస్తే ఏది సరైనదో చెవే చెప్తుంది. స్థానం నుంచి లెక్కించే పద్ధతిలో ఉంటే ఈ ప్రయోగానికి మార్చాల్సింది ఒక్క లైనే.

చెవిని నమ్మేముందు తప్పుల సంఖ్య చూడండి

ఎవరైనా స్క్రాంబ్లర్ పనిచేయడం లేదని నాకు రాసినప్పుడు నేను మొదట అడిగేది గోలే దిద్దిన తప్పుల సంఖ్య ఎంత అని. ఎమ్‌బీఈలిబ్ ప్రతి ఫ్రేమ్‌కూ ఆ సంఖ్య ఇస్తుంది. రక్షణ కోడ్ స్క్రాంబ్లర్ బయట ఉంటుంది కాబట్టి కీ తప్పైనా ఒప్పైనా ఆ సంఖ్య మారదు. దీన్నుంచి చాలా తేలిపోతుంది. తప్పులు తక్కువగా ఉండి గొంతు గోలగా ఉంటే కీ లేదా స్థానం తప్పు. తప్పులే ఎక్కువగా ఉంటే స్క్రాంబ్లర్ కోడ్‌ను ముట్టుకోకండి, సిగ్నల్, గెయిన్, ఫ్రీక్వెన్సీ సర్దుబాటు చూడండి. చవక డాంగిల్స్ వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. 6.25 కిలోహెర్ట్జ్ సన్నని ఛానెల్‌లో ఆ జరుగుడు బాగా తెలుస్తుంది.

తప్పుడు కీతో విప్పిన గొంతుకు ఇంకో గుర్తు కూడా ఉంది. 49 బిట్లలో ఏడు బిట్లు గొంతు శ్రుతిని చెప్తాయి. వాటి విలువ 120 నుంచి 123 అయితే ఆ ఫ్రేమ్ పారేయమని, 124, 125 అయితే నిశ్శబ్దమని, 126, 127 అయితే టోన్ అని అర్థం. కీ తప్పితే ఈ ఏడు బిట్లు యాదృచ్ఛికంగా వస్తాయి. 128లో 8 విలువలు ఇలాంటివి కాబట్టి దాదాపు పదహారు ఫ్రేములకు ఒకటి మాట కాకుండా పోతుంది. సెకనుకు 50 ఫ్రేములు, అంటే సెకనుకు మూడు సార్లు. టోన్లు పలికించే వోకోడర్ వెర్షన్లలో ఈ గోల మధ్యలో అక్కడక్కడ బీప్‌లు వినిపించేది ఇందుకే. ఇదే లెక్కను ప్రోగ్రామ్‌లో పెట్టుకుంటే "ఇచ్చిన కీ సరిపోవడం లేదు" అని యూజర్‌కు నెమ్మదిగా హెచ్చరించవచ్చు.

పరీక్షకు ఫిల్టర్ వేయని డిస్క్రిమినేటర్ ఆడియోను (డీకోడర్‌కు వెళ్లే ముందున్న ముడి సిగ్నల్‌ను) 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా దాచుకోండి. ఒకే మనిషి ఒకే వాక్యాన్ని స్క్రాంబ్లర్ లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి చెప్పించండి. మైక్ మీద చేయి పెట్టి నిశ్శబ్దంగా ఇంకోటి. మధ్యలో యాంటెన్నా తీసి మళ్లీ పెట్టింది ఒకటి. నాలుగు ఫైళ్లు చాలు. కోడ్‌లో ఏది మార్చినా ఈ నాలుగూ నడిపి, వచ్చిన 49 బిట్లను పాత ఫలితంతో పోల్చండి. ఆడియోను పోల్చకండి, బిట్లనే పోల్చండి.

కీ కనిపెట్టే ఆప్షన్ గురించి

32767 కీలంటే ఈ రోజు కంప్యూటర్‌కు లెక్కే కాదు. ఈ మాట దాచాల్సిన పని లేదు. స్క్రాంబ్లర్ పక్కవాడి చెవిన పడకుండా వేసే కర్టెన్ లాంటి సౌకర్యమే, భద్రత కాదు. కానీ మీకు ఆ ఆప్షన్ అవసరం ఏమిటి? మీ కీ మీ ప్రోగ్రామింగ్ ఫైల్‌లో ఉంది. ఆ ఫైల్ పోయిందనుకుంటే రేడియోలకు కొత్త కీ వేసుకోవడం ఒక మధ్యాహ్నం పని. ఇక మిగిలేది ఇతరుల మాటలే. మన దేశంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం సందేశాలను చట్టవిరుద్ధంగా మధ్యలో అందుకోవడానికి మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మీ ఫ్యాక్టరీ గోడ అవతల ఏ సెక్యూరిటీ సంస్థ రేడియోలున్నాయో మీకు తెలియదు. మీ ప్రోగ్రామ్ ఎవరి చేతికి వెళ్తుందో కూడా తెలియదు. యూజర్ ఇచ్చిన కీతో మాత్రమే విప్పే ప్రోగ్రామ్ రాయండి. కీ లేకపోతే గొంతు మూసేయండి. నా చేతి మీదుగా వెళ్లే ఏ ప్యాచ్‌కైనా నేను పెట్టే షరతు ఇదే.

ఇంకో సంగతి మీ మేనేజ్‌మెంట్‌కు చెప్పండి. ఆ గ్రూపులో నిజంగా బయటకు పోకూడని మాటలు నడుస్తుంటే స్క్రాంబ్లర్‌ను నమ్ముకోకుండా ఏఈఎస్ ఉన్న రేడియోలకు మారాలి. పొట్టి కీలతో పెద్దవాళ్లే దెబ్బతిన్నారు. పోలీసులు, పరిశ్రమలు వాడే టెట్రా వ్యవస్థలో టీఈఏ1 అనే అల్గారిథమ్ 80 బిట్ల కీని లోపల 32 బిట్లకు కుదిస్తోందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2023లో బయటపెట్టారు.

స్క్రీన్ మీద ఏం చూపిస్తారన్నది కూడా చిన్న విషయం కాదు. అమెరికాలో పోలీసు వంటి సంస్థలు వాడే పీ25 డిజిటల్ రేడియోల మీద 2011లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు చేసిన పనిలో, ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందనుకుని ఏజెంట్లు మామూలుగానే మాట్లాడేస్తున్న కాల్స్ ఎన్నో దొరికాయి. రేడియో మీద ఆ గుర్తు సరిగ్గా కనబడకపోవడం ఒక ముఖ్య కారణం. మీ ప్రోగ్రామ్ ప్రతి కాల్ పక్కన మామూలు, స్క్రాంబుల్, డీఈఎస్, ఏఈఎస్ అని స్పష్టంగా రాస్తే, స్క్రాంబ్లర్ వేయాల్సిన గ్రూపులో ఎవరి రేడియో మామూలుగా వెళ్తోందో మీకే తెలుస్తుంది. మీ సేఫ్టీ ఆఫీసర్‌కు గొంతు రికార్డింగ్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందేమో.

మిగతా మోడ్‌లు, క్లుప్తంగా

ఒకసారి ఈ పద్ధతి చేతికొస్తే మిగతావన్నీ ఇదే ప్రశ్న: ఎన్ని బిట్లు, ఎక్కడ మొదలు, స్థానం ఎలా తెలుస్తుంది. పీ25 మొదటి దశలో వాయిస్ ఫ్రేమ్ 88 బిట్లు, 180 మిల్లీసెకన్ల యూనిట్‌కు తొమ్మిది, రెండు యూనిట్లు ఒక సూపర్‌ఫ్రేమ్. ఏ అల్గారిథమ్, ఏ కీ నంబరు, మొదలుపెట్టే 72 బిట్ల సంఖ్య ఏమిటి అన్నవి కాల్ మొదటి హెడర్‌లో ఒకసారి, ఆ తర్వాత ప్రతి సూపర్‌ఫ్రేమ్ రెండో యూనిట్‌లో వస్తాయి. అందుకే మధ్యలో చేరినా దొరుకుతుంది. డీఎంఆర్ అనే ఇంకో డిజిటల్ పద్ధతిలో 360 మిల్లీసెకన్ల సూపర్‌ఫ్రేమ్, ఆరు బరస్టులు, 18 వాయిస్ ఫ్రేములు. అక్కడ ప్రైవసీ పద్ధతులు ఒక్కో కంపెనీకి ఒక్కో విధం, ఆ ఊబిలోకి ఇప్పుడే దిగొద్దు.

నేర్చుకోవడానికి మాత్రం ఎం17 చూడండి. పోలాండ్ హామ్‌లు (అభిరుచితో రేడియో నడిపేవాళ్లు) 2019లో మొదలుపెట్టిన పూర్తి ఓపెన్ ప్రోటోకాల్ ఇది, వోకోడర్ కూడా ఓపెన్, డేవిడ్ రోవ్ రాసిన కోడెక్2. మీరు వాడుతున్న యాంబీ వోకోడర్ చుట్టూ ఉన్న పేటెంట్ల చిక్కు దీనికి లేదు. ప్రతి 40 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌లో 128 బిట్ల మాటతో పాటు ఫ్రేమ్ నంబరు నేరుగా ఉంటుంది, కాబట్టి స్థానం వెతకాల్సిన పనే లేదు. స్క్రాంబ్లర్ 8, 16, 24 బిట్ల రకాలు స్పెసిఫికేషన్‌లోనే రాసి ఉన్నాయి. ఏఈఎస్ అయితే కాల్ హెడర్‌లోని 14 బైట్ల మెటా, ఫ్రేమ్ నంబరు 2 బైట్లు కలిపి 16 బైట్ల కౌంటర్ అవుతుంది. ఈ డిజైన్ చూస్తే స్థానాన్ని గాలిలోనే పంపితే డీకోడర్ రాసేవాడికి ఎంత సుఖమో అర్థమవుతుంది. పరీక్షలు కంప్యూటర్ లోపల ఫైల్ నుంచి ఫైల్‌కు చేయండి. మీకు హామ్ లైసెన్స్ ఉన్నా హామ్ బ్యాండ్‌ల మీద అర్థం దాచే ప్రసారం కుదరదు. దేశాల మధ్య అమెచ్యూర్ సంభాషణలకు అంతర్జాతీయ రేడియో నిబంధనలే దాన్ని నిషేధించాయి. లైసెన్స్ లేకపోతే, ఆసక్తి ఉంటే, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో అడిగి చూడండి.

ప్యాచ్‌ను పది మందికి ఇచ్చే ఉద్దేశం ఉంటే మూడు చిన్న జాగ్రత్తలు. కీని కమాండ్ లైన్‌లో తీసుకుంటే అదే కంప్యూటర్ వాడే ఇతరులకు ప్రాసెస్ జాబితాలో కనిపిస్తుంది, అందుకని ఫైల్ నుంచి చదవండి. లాగ్‌లో కీ నంబరు రాయండి, కీ రాయకండి. ఓపీ25 (పీ25 డీకోడర్ ప్రోగ్రామ్) జీపీఎల్ లైసెన్స్‌లో ఉంది, ఎమ్‌బీఈలిబ్ ఐఎస్‌సీలో ఉంది. ఒకదాని కోడ్ ఇంకోదాన్లో అతికించేముందు మీ ప్రాజెక్టు మొత్తానికి ఏ లైసెన్స్ వర్తిస్తుందో చూసుకోండి.

ఈ మార్పు చేశాక కూడా గొంతు రాకపోతే, ఒక కాల్ తాలూకు మొదటి రెండు సూపర్‌ఫ్రేములకు ఫ్రేమ్ భాగం సంఖ్య, సాక్ సీఆర్‌సీ ఫలితం, గోలే తప్పుల సంఖ్య వరుసగా ఇక్కడ పెట్టండి. కీ పెట్టకండి, నాకు దాని అవసరం లేదు. ఈ మూడు వరుసలు చూస్తే ఎక్కడ జారుతోందో చెప్పగలను.